నేలకు కప్పు, వేరుకు చలువ

వేసవి వచ్చిందంటే ఎండ లెక్క చెప్పుకోవడం మనకు అలవాటు. నిన్న నలభై, నేడు నలభై ఒకటి అంటాం. హైదరాబాదులో 1966 జూన్ 2వ తేదీన నమోదైన 45.5 డిగ్రీల సెంటిగ్రేడును ఇప్పటికీ పెద్ద ఎండగా చెప్పుకొంటారు. అయితే ఈ లెక్కలన్నీ గాలి లెక్కలు. భూమికి నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడపట్టున ఉంచిన థర్మామీటరు చూపే లెక్కలు. మన పైరు వేరు ఆ పెట్టెలో లేదు గదా! అది ఎండకు నేరుగా కాగే మట్టిలో ఉన్నది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఎర్ర చెల్కలో చెప్పులు లేకుండా పదడుగులు నడిచిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. గాలి నలభై ఉన్న రోజున ఆ మట్టి పైపొర యాభై దాటడం వింతేమీ కాదు.

ఆ వేడిని తగ్గించడానికి నేల మీద కప్పు వేయమని విస్తరణాధికారులు చెబుతారు. రైతు తల ఊపుతాడు గాని వేయడు. వేయకపోవడానికి అతని కారణం అతనికి ఉన్నది. దాన్ని తెలుసుకోకుండా ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. ఆ కారణం దగ్గరకు తరువాత వద్దాం. ముందు నేల సంగతి చూద్దాం.

శేరిలింగంపల్లి అంటే నేటివారికి అద్దాల మేడలు గుర్తుకు వస్తవి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, గోపనపల్లి వైపు పొలాలు ఒకటొకటిగా ప్లాట్లయినవి. కాని ఆ మేడలకు పునాది తవ్వినప్పుడు పైకి వచ్చినది మన ఎర్ర చెల్క మట్టే. మేడలు దాటి శంకరపల్లి, చేవెళ్ల, మొయినాబాదు వైపు వెళితే అదే మట్టిలో ఇవాళ టమాట, వంగ, బెండ, బంతి, గులాబి పండుతున్నవి. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ క్షేత్రంలో ఈ ఎర్రనేలా ఉన్నది, నల్లరేగడీ ఉన్నది. రెండింటి గుణాలనూ పక్కపక్కనే చూడవచ్చు.

చెల్క గుణమేమిటంటే, అది రాతి నుంచి అరిగి వచ్చిన మట్టి. ఇసుక పాలు ఎక్కువ, లోతు తక్కువ. వాన పడితే చప్పున తడుస్తుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే అంత చప్పునా ఆరిపోతుంది. తడి ఉన్న నేల మీద పడిన ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. ఆరిన నేల మీద పడిన ఎండకు ఆ పని ఉండదు. అదంతా మట్టిని కాల్చడానికే సరిపోతుంది. రేగడి నల్లగా ఉండి ఎండను ఎక్కువ పీల్చుకొన్నా దాని కడుపులో తడి నిలుస్తుంది. చెల్కకు ఆ నిలవ లేదు. కనుకనే అది ముందు ఆరుతుంది, ముందు కాగుతుంది.

ఈ వేడి ఒక్కసారిగా లోపలికి దిగదు. పైపొర మిట్టమధ్యాహ్నం దాటగానే ఎక్కువ కాగుతుంది. రెండంగుళాల లోతున రెండు, మూడు గంటల వేళ వేడి ముదురుతుంది. నాలుగంగుళాల లోతుకు చేరేసరికి ఇంకా ఆలస్యమవుతుంది, జోరూ తగ్గుతుంది. అడుగున్నర లోతున పగటికీ రాత్రికీ తేడా దాదాపు తెలియదు. అంటే పోరాటమంతా పై ఆరంగుళాలలోనే. దురదృష్టమేమిటంటే విత్తనం పడేదీ, లేత నారు వేరు పట్టేదీ, ఎరువు వేసేదీ, వానపాము తిరిగేదీ ఆ ఆరంగుళాలలోనే. పెద్ద మామిడి చెట్టుకు లోతున నీరు తాగే వేళ్లున్నా, తిండి తీసుకొనే సన్నవేళ్లు చాలావరకు పైనే ఉంటవి.

వేడి మితిమీరితే ముందు దెబ్బ తినేది వేరు కొస. అది పెరగడం మానితే కొత్త మట్టిని వెతకదు. పక్కన తడి ఉన్నా అందుకోలేదు. పగలు మొక్క వాడి, సాయంత్రం తేరుకొని, మళ్లీ మర్నాడు వాడుతుంటే మనం నీళ్లు చాలలేదనుకొంటాం. ఒక్కొక్కసారి నీళ్లున్నా వేరు తీసుకోలేని స్థితి అది. పప్పుజాతి పైర్ల వేళ్ల మీది బుడిపెలలో నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు కూడా వేడికి నీరసిస్తవి. మనం బండ్లు తోలి వేసిన పశువుల ఎరువు వేడి నేలలో త్వరగా కరిగి గాలిలో కలిసిపోతుంది. చెల్కకు ఎంత ఎరువు వేసినా నిలవదని పెద్దలు అనడంలో ఈ మర్మం ఉన్నది.

విత్తనం మాట మరీ ముఖ్యం. జొన్న, సజ్జ వేడికి ఓర్చే పైర్లని పేరు. అయినా విత్తనం పడిన లోతున నేల 45 డిగ్రీలు దాటిందంటే మొలక తగ్గిపోతుంది. ఇక్రిశాట్‌లో 1980 దశకంలో ఈ విషయం మీద పనిగట్టుకొని పరీక్షలు చేశారు. మృగశిరలో ఒక వాన పడి, విత్తిన తరువాత వారం రోజులు ఎండ కాసి మొలక పలచబడితే విత్తనం మంచిది కాదని దుకాణదారుతో తగాదా పడతాం. కొన్నిసార్లు తప్పు విత్తనానిది కాదు, పైనున్న రెండంగుళాల మట్టిది. వాన దెబ్బకు చెల్క పైన పెంకు కట్టడం దీనికి తోడైతే, మొలిచిన మొలక కూడా పైకి రాలేక లోపలే ముడుచుకుపోతుంది.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్లి తేయాకు తోటలను చూసి వద్దాం. తేయాకు మన దగ్గర పండదు. దానికి పులుపు గుణమున్న నేల, విస్తారమైన వాన కావలె. నీలగిరుల్లోనూ, అస్సాంలోనూ పండుతుంది. మనం టీ తాగడమే గాని ఆ తోటపనితో మనకేమిటని అనకండి. నేల వేడిని కప్పుతో అదుపు చేయడం ఆ తోటలవారు పనిలో భాగంగా పెట్టుకొన్నారు. తేయాకు వేరుకు 20 నుంచి 25 డిగ్రీల నేల హితం. ముదిరిన తోటలో పొదలు ఒకదానినొకటి తాకి బల్లపరుపుగా నేలను కప్పివేస్తవి గనుక చింత లేదు. చిక్కు రెండు వేళల్లో వస్తుంది. లేత మొక్కలు నాటిన మొదటి మూడు, నాలుగేళ్లు సాళ్ల మధ్య నేల బోడిగా ఉంటుంది. అప్పుడు గడ్డి కోసి తెచ్చి సాళ్ల మధ్య పరుస్తారు. ఆ గడ్డి కోసమే తోటలో ఖాళీ చెక్కలలో గ్వాటెమాలా గడ్డి అనే పొడుగాటి రకాన్ని పెంచుతారు. ఇక రెండవ వేళ, కొన్ని సంవత్సరాలకొకసారి పొదలను కిందికి నరికినప్పుడు. నీడ పోయి నేల ఒక్కసారిగా ఎండ పాలవుతుంది. కనుక నరికిన కొమ్మలను, ఆకును బయటికి మోసుకుపోక అక్కడే పరిచి ఉంచుతారు.

ఈ రెండు వేళలనూ గుర్తుంచుకోండి. మొక్క లేతగా ఉన్నప్పుడు ఒకటి, కొమ్మ నరికినప్పుడు రెండవది.

రెండవదానికి మన ద్రాక్ష పందిరే సాక్ష్యం. ఒకప్పుడు హైదరాబాదు ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహియే. నగరం చుట్టూ రాతి స్తంభాల మీద తీగల పందిళ్లు ఉండేవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష మీద పరిశోధనా కేంద్రమే నడిచింది. ఆ తోటలలో చాలావరకు ఊరు పెరిగి మింగివేసింది. మిగిలినవారైనా, కొత్తగా వేసేవారైనా ఒక సంగతి గమనించాలి. పందిరి నిండుగా ఉన్నప్పుడు కింద నేల చల్లగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేసవి కత్తిరింపు చేస్తాం. అంటే ఏడాదిలోకెల్లా ఎండ ముదిరే వేళకు సరిగ్గా గొడుగు తీసివేస్తామన్నమాట! కొత్త కొమ్మలు వచ్చి పందిరి మళ్లీ కమ్ముకొనే వరకు ఆ వేళ్లకు కప్పు లేకపోతే ఎలా? కత్తిరించిన రెమ్మలలో తెగులు లేనివాటిని ముక్కలు చేసి, వాటితోపాటు చెరుకు పిప్పి గాని, ఎండుటాకు గాని మొదళ్ల వరుస వెంట పరచవలె. తెగులు ఉన్న రెమ్మలు మాత్రం తోటలో ఉంచరాదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇక రైతు ఎందుకు కప్పు వేయడో చూద్దాం. పుస్తకాలలో ఎకరాకు రెండు టన్నుల గడ్డి పరచమని ఉంటుంది. ఏప్రిల్‌లో మెట్ట రైతు ఇంట రెండు టన్నుల గడ్డి ఉంటే దాన్ని నేల మీద ఎవరు పరుస్తారు? కొట్టంలో రెండు బర్రెలు మోర ఎత్తి చూస్తుంటవి. వరిగడ్డి, జొన్న చొప్ప పశువుల నోటి మేత. దాన్ని తీసి నేలకు వేయమని చెప్పే సలహా మెట్ట రైతుకు పనికిరాదు. మేము అలా చెప్పము. విస్తరణాధికారులు కూడా మేత కరువున్న ఊరిలో ఆ మాట చెప్పకపోవడం మంచిది. పశువు తినని కప్పు వెతకాలి, అదీ పొలమంతటికీ కాక అవసరమైన చోటికే వేయాలి.

లెక్క చూడండి. మామిడి మొక్కలు పది మీటర్ల ఎడమున నాటితే ఎకరాకు నలభై వస్తవి. ఒక్కొక్క మొక్క చుట్టూ మీటరు దూరం వరకు పాదు కప్పితే చాలు. నలభై పాదులూ కలిపి ఎకరంలో ముప్పై రెండవ వంతు కూడా కాదు. మూడంగుళాల మందాన పరిస్తే పాదుకు సుమారు పది కిలోల ఎండు చెత్త పడుతుంది. అంటే ఎకరానికి నాలుగు క్వింటాళ్లు. రెండు టన్నులెక్కడ, నాలుగు క్వింటాళ్లెక్కడ! కూరగాయలలో కూడా కాలువ వదిలి మొక్కల వరుస వెంట జానెడు వెడల్పున వేస్తే సగానికి పైగా ఆదా.

మరి ఆ చెత్త ఏది? మొదట చెప్పవలసినది గ్లిరిసిడియా. గిరిపుష్పమని కూడా అంటారు. పొలం గట్ల మీద కొమ్మ నాటినా, విత్తనం వేసినా వస్తుంది. ఒకసారి నాటుకొన్నదా, ఏటా రెండు మూడుసార్లు కొట్టుకోవచ్చు. ఆకులో నత్రజని ఎక్కువ గనుక కప్పూ అవుతుంది, ఎరువూ అవుతుంది. మెట్ట సేద్యం మీద పనిచేసే హైదరాబాదులోని క్రిడా సంస్థవారు దీన్ని గట్ల మీద పెంచమని గట్టిగా చెబుతారు. కానుగ ఆకు, తంగేడు మండ మన పెద్దలు వరిమడిలో తొక్కించినవే. అవీ బాగుంటవి. వేరుశనగ పొట్టు, మొక్కజొన్న బెండ్లు, యంత్రంతో ముక్కలు చేసిన పత్తికట్టె, కందికట్టె కూడా పనికివస్తవి. వయ్యారిభామను పూతకు ముందు కోసి వేయవచ్చు. పూత వచ్చిన తరువాత మాత్రం తోటలోకి తేకండి, విత్తనం రాలి వచ్చే ఏడు మీ మెడకు చుట్టుకొంటుంది. నీలగిరి ఆకును లేత మొక్కల దగ్గర వేయకపోవడమే మేలు.

శేరిలింగంపల్లి వైపు మరొక నిధి ఉన్నది, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ రోడ్ల పక్క, ఆఫీసుల ఆవరణలలో ఉన్న కానుగ, వేప చెట్లు చలికాలం చివర నుంచి ఏప్రిల్‌లోగా ఆకు రాలుస్తవి. సరిగ్గా మనకు కప్పు కావలసిన వేళకు ముందే అన్నమాట. ఊడ్చి కుప్ప వేసి నిప్పు పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. బహిరంగంగా చెత్త కాల్చరాదని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు నిషేధించినవి. కొన్ని మైళ్ల అవతల శంకరపల్లిలో నేల కాలుతుంటే ఇక్కడ దాని కప్పు కాలిపోతున్నది. కూరగాయలు దింపి ఖాళీగా తిరిగిపోయే వాహనాలు ఆ ఆకు సంచులను మోసుకుపోతే ఎవరికీ నష్టం లేదు. నాలుగు ఊళ్ల రైతులు కలిసి ఒక ఆవరణవారితో మాట్లాడుకొంటే జరిగే పని ఇది. ప్లాస్టిక్ ముక్కలు, గాజుపెంకులు లేకుండా ఏరి ఇవ్వమని మాత్రం ముందే చెప్పుకోవాలి.

మరొక రకం కప్పు ఉన్నది, అది ప్రాణమున్న కప్పు. వానకాలపు పైరు తీసిన తరువాత మిగిలిన తడి మీద ఉలవ చల్లితే నేలను అల్లుకొంటుంది. తోటలలో సాళ్ల మధ్య బొబ్బర్లు, పెసర వేస్తే అదే పని చేస్తవి. గింజ కూడా దక్కుతుంది. అయితే పచ్చని కప్పు నీళ్లు తాగుతుంది సుమా! వేసవిలో నీరు తక్కువగా ఉన్న లేత తోటలో దాన్ని ఉంచితే మొక్క నోటి నీరు లాగుతుంది. కనుక వానలు తగ్గి తడి ఆరేలోగా కోసి అక్కడే పడవేయవలె. బతికి ఉన్నప్పుడు వానను కాచింది, ఎండి ఎండను కాస్తుంది.

వేసే పద్ధతిలో ముఖ్యమైనది వేళ. ఆరిన నేల మీద కప్పు వేస్తే ఆరిన నేలనే కాపాడుతుంది. మంచి వాన పడిన తరువాత గాని, పాదుకు నిండా నీరు పెట్టి, కలుపు తీసిన తరువాత గాని వేయాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల చిరుజల్లు అయితే కప్పు తానే తాగివేస్తుంది, మట్టికి అందదు. డ్రిప్పు ఉన్నచోట గొట్టం కప్పు కింద ఉండాలి. మొక్క మొదలుకు నాలుగు వేళ్ల ఎడం వదలవలె. మొదలుకు ఆనించి పోస్తే తడికి బెరడు కుళ్లుతుంది, ఎలుక దూరుతుంది. మందంగా వేస్తే రెండంగుళాల లోతున మధ్యాహ్నపు వేడి ఐదారు డిగ్రీలైనా తగ్గుతుంది. రాత్రి పూట నేల మరీ చల్లబడకుండానూ ఆపుతుంది. కప్పు పని పగటి వేడిని, రాత్రి చలిని రెంటినీ మందగించడం.

చెల్కలో చెదలు పెద్ద బెడద. ఎండుకట్టె, దొడ్డు పుల్లలు ఎక్కువైతే చెదలు వచ్చి కప్పును తిని, ఆపైన మొక్కకు ఎగబాకుతవి. ఆకు పాలు ఎక్కువగా, పుల్ల తక్కువగా ఉండేట్లు చూసుకోండి. కప్పు కింద వేపపిండి చల్లండి. వారానికొకసారి కప్పు ఎత్తి చూడండి. మరొక లోపం, ఎండుగడ్డి, పొట్టు మట్టిలో కలిసి కుళ్లేటప్పుడు మొదట్లో నత్రజనిని లాగుకొంటవి. పైన పరిచి ఉంచితే ఇది తక్కువ, దున్ని కలిపితే ఎక్కువ. ఆకు పసుపు తిరిగితే కొంచెం యూరియా ఇవ్వాలి, లేదా ఎండుచెత్తతో గ్లిరిసిడియా పచ్చి ఆకు కలిపి వేయాలి. బీడీ ముక్క సంగతి చెప్పనే అక్కర లేదు. ఎండు కప్పున్న తోటలో నిప్పు ఎంత పని చేస్తుందో అందరికీ తెలుసు.

అన్ని కాలాలలోనూ కప్పు మంచిదేనా అంటే, కాదు. కెన్యా దేశపు ఎత్తైన కొండలలో లేత తేయాకుకు గడ్డి కప్పు వేసి చూస్తే నేల మరీ చల్లబడి ఎదుగుదల మందగించింది. మన దగ్గర అంత చలి లేదు గాని, జనవరిలో వేరుశనగ విత్తే వారికి నేల కొంత వెచ్చగా ఉంటేనే మొలక త్వరగా వస్తుంది. అప్పుడు గడ్డి అడ్డం. జహీరాబాదు వైపు ఆలుగడ్డ వేసేవారికి మాత్రం ఇందుకు విరుద్ధం. గడ్డ కట్టడానికి ఇరవై డిగ్రీల దాపున ఉండే నేల కావాలి. ముప్పై దాటితే గడ్డ కట్టడం దాదాపు ఆగిపోతుంది. అక్టోబరులో ఎండ ఇంకా తగ్గకముందే నాటినవారికి కప్పు ఎంతో సాయం. అల్లం, పసుపు నాటిన మడుల మీద పచ్చి ఆకు కప్పే అలవాటు ఉన్నదే గదా, దాని వెనుక ఉన్నదీ ఇదే.

పైరు లేని నేల మాట వేరు. వేసవి దుక్కి చేసి ఎండబెట్టమని మేమే చెబుతుంటాం. వేరు లేని చోట ఆ వేడి పురుగు గుడ్లనూ, కలుపు గడ్డలనూ చంపుతుంది. నారుమడిని తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పరిచి, అంచులకు మట్టి కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు మే ఎండకు వదిలితే మట్టిలోని తెగుళ్లు చాలావరకు తగ్గుతవి. ఇదే పారదర్శకపు పట్టాను పైరున్న మడిలో వేస్తే పైరు ఉడికిపోతుంది. కూరగాయలకు మల్చింగు షీటు కొనేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. వెండి రంగు, నలుపు రెండు ముఖాలున్న షీటులో ఎండాకాలం వెండి ముఖమే పైకి ఉండాలి. అది ఎండను తిప్పికొడుతుంది. నల్ల ముఖం పైకి ఉంటే తడి నిలిచినా నేల మరింత కాగుతుంది. పైరు తీసిన తరువాత చిరిగిన షీటును దుక్కిలో కలపవద్దు. ఏరి బయటికి పంపండి.

మిద్దె తోటల వారికి ఒక మాట. మేడ మీద నల్లని సంచిలో ఉన్న మట్టి పైనుంచే కాక పక్కల నుంచి, కింది సిమెంటు నుంచి కూడా కాగుతుంది. పైన ఆకు పరిస్తే సగం పనే అయినట్లు. సంచులను దగ్గర దగ్గరగా చేర్చి, పడమటి వైపు వరుసకు గోనెపట్టా చుట్టి, అడుగున ఇటుకలో, చెక్కలో పెట్టి ఎత్తండి.

విస్తరణాధికారులు ఈ సంగతిని నోటితో చెప్పడం కంటె చూపించడం సులువు. నేలలో గుచ్చే థర్మామీటర్లు రెండు చాలు. కొత్తగూడ బొటానికల్ గార్డెనులో చెట్ల కింద రాలిన ఆకు పొరలో ఒకటి, పక్కన ఉన్న బోడి నేలలో ఒకటి, రెండింటినీ రెండంగుళాల లోతుకు, మధ్యాహ్నం రెండు గంటల వేళ గుచ్చి అంకె చదివించండి. గచ్చిబౌలి కంచలో 2025 మార్చిలో యంత్రాలతో చెట్లు తీసివేసి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్న తరువాత, బోడి నేల అంటే ఏమిటో ఆ చుట్టుపక్కల వారికి వివరించి చెప్పవలసిన అవసరం తగ్గింది. ఊళ్లో అయితే ఒక రైతు తోటలో నాలుగు పాదులు కప్పి, నాలుగు కప్పక విడిచి, ఏప్రిల్ మొదటి వారం నుంచి వారానికొకసారి రెండింటి వేడినీ ఆ రైతు చేతనే ఒక నోటు పుస్తకంలో రాయించాలి. ఒకే రోజు నీరు పెట్టి, ఏ పాదు ఎన్నాళ్లకు ఆరిందో కూడా పక్క గడిలో రాయించండి. మొదటి గట్టి వాన పడి నేల చల్లబడిన తరువాత, మిగిలిన కప్పును పాదులోనే మట్టితో తేలికగా కలిపి, గట్టు మీది గ్లిరిసిడియాను మోకాలి ఎత్తున కొట్టి కొత్త పొర వేసుకోవచ్చు.